తూనీగల నెరిగిన సెలిస్ దొర

వానలు వెనుకపట్టిన దినములలో, సాయంకాలపు ఎండ మెత్తబడిన వేళ, మన పాఠశాల ఆటస్థలము మీద తూనీగలు గుంపులు గుంపులుగా ఎగురుచుండుట మన విద్యార్థులందరును చూచినదే. వాటి తోకకు దారము కట్టి ఎగురవేసి ఆడుకొనని బాలుడు మన ఊళ్లలో అరుదు. అయినను ఆ దారము కొననున్న ప్రాణి ఏ జాతికి చెందినది, ఎక్కడ పుట్టినది, ఎట్లు బ్రతుకును అని అడిగినయెడల ఉత్తరము చెప్పగలవారు మనలో ఎందరుందురు?

ముందుగా నా సంగతియే చెప్పుకొందును. కొన్ని యేండ్ల క్రిందట ఎనిమిదవ తరగతి విద్యార్థి యొకడు గాజుసీసాలో రెండు తూనీగలను తెచ్చి నా బల్లమీద పెట్టెను. ఒకటి పండుమిరపకాయ వలె ఎర్రనిది. రెండవది గోధుమవన్నె కలిసిన పసుపుపచ్చనిది. ఇవి ఒక జాతివా, రెండు జాతులవా అని అతడు నన్నడిగెను. నేను దిద్దుచున్న పరీక్షకాగితముల నుండి తల యెత్తి ఒక్కసారి చూచి, రంగులు వేరు గనుక జాతులును వేరని చెప్పి పంపివేయబోతిని. అతడు కదలక నిలిచి, రెక్కలమీది గీతలు రెంటికిని ఒక్కతీరుగనే యున్నవి, అది యెట్లని మరల అడిగెను. నాకు ఉత్తరము తోచలేదు. ఆ రాత్రి పుస్తకములు వెదకగా, ఎర్రనిది మగదనియు, పసుపుపచ్చనిది ఆ జాతికే చెందిన ఆడుదనియు తెలిసెను. మరునాడు తరగతిలో అందరియెదుట నా తప్పు ఒప్పుకొంటిని. నా కన్ను రంగు దగ్గరనే ఆగిపోయెను. ఆ బాలుని కన్ను రెక్కల ఈనెలవరకు పోయెను.

రంగును నమ్మక, రెక్కల ఈనెలను చదివి తూనీగలను గుర్తింపవలెనని లోకమునకు నేర్పిన వారిలో అగ్రగణ్యుడు బెల్జియం దేశీయుడగు ఎడ్మాండ్ డి సెలిస్ లాంషాం. ఆయన చరిత్రము మన విద్యార్థులకు ఉపయోగకరముగా నుండునని తలంచి ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాను.

జననము, విద్య

సెలిస్ 1813వ సంవత్సరము మే నెల 25వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. ఆయన వంశీయులు లీజ్ ప్రాంతమున పేరుగల భూస్వాములు. తండ్రి ఆ నగరపు పాలనలోను, దేశ వ్యవహారములలోను పదవులు వహించినవాడు. సెలిస్ పుట్టిన కాలమున ఆ దేశము నెపోలియను చక్రవర్తి యేలుబడిలో నుండెను. తరువాత 1815లో అది హాలెండు రాజు క్రిందికి వచ్చెను. 1830లో ప్రజలు తిరుగబడగా బెల్జియం అను స్వతంత్ర రాజ్యము ఏర్పడెను. అప్పటికి సెలిస్ పదునేడేండ్ల యువకుడు. ఈ విధముగా ఆయన బాల్యమంతయు రాజ్యములు మారుచున్న కాలమున గడచెను.

ఆయన కళాశాలలో చదివినవాడు కాడు, పట్టము పొందినవాడును కాడు. ఇంటివద్దనే ఉపాధ్యాయుల చెంత విద్య నేర్చుకొనెను. వారెమ్ అను ఊరి చెంతనున్న లాంషాం గ్రామమున ఆయన వంశమువారికి పెద్ద భవనము, తోటలు, చెట్లగుంపులు, నీటికాలువలు కలవు. ఆ కాలువల గట్లే ఆయనకు పాఠశాల. పక్షులు, సీతాకోకచిలుకలు, పొలములలోని చిట్టెలుకలు, నీటిమీది తూనీగలు, వీటినన్నిటిని చిన్ననాటినుండియే ఆయన పరిశీలించుచు, చూచినదానిని తేదీతో కూడ వ్రాసికొనుచుండెను. బ్రస్సెల్స్ నగరమందలి ఖగోళశాస్త్రజ్ఞుడు కెట్లే, చెట్లు చిగిర్చు దినములను పక్షులు వలసవచ్చు దినములను యేటేట గుర్తించి వ్రాయుడని తన దేశీయులను కోరినప్పుడు, ఆ పనికి పూనుకొన్నవారిలో సెలిస్ ఒకడు.

1838లో ఆయన వివాహము జరిగెను. ఆయన మామగారు డోమాలియస్ డాల్వా అను ప్రసిద్ధ భూగర్భశాస్త్రజ్ఞుడు. 1839లో చిట్టెలుకలను చుంచులను గూర్చియు, 1842లో బెల్జియం దేశపు జంతువులను గూర్చియు సెలిస్ గ్రంథములను ప్రకటించెను. అయితే ఆయన పేరును నిలిపినవి తూనీగలే.

ఆనాటి శాస్త్రస్థితి

సెలిస్ చేసిన పని విలువ తెలియవలెనన్న, ఆయనకు పూర్వపు స్థితి కొంత తెలియవలెను. స్వీడను దేశపు లిన్నేయస్ పండితుడు 1758లో ప్రకటించిన గ్రంథమున, ప్రపంచమునందలి తూనీగలన్నిటిని లిబెల్యులా అను ఒకే పేరు క్రింద చేర్చెను. అప్పటికి ఆయన యెరిగిన జాతులు ఇరువదికంటె తక్కువ. ఆయన శిష్యుడగు ఫబ్రీషియస్ 1775లో వాటిని మూడు భాగములుగా విడదీసెను. పురుగుల నోటి నిర్మాణమును బట్టి వర్గములు చేయుట ఫబ్రీషియస్ పద్ధతి. తూనీగలకు దవడలమీద బలమైన పండ్లవంటి మొనలు కలవు గనుక, పండ్లుగలవి అను అర్థము వచ్చునట్లు ఒడొనేటా అని ఆ వర్గమునకంతటికి పేరుపెట్టెను. ఆ పేరు నేటికిని చెల్లుచున్నది.

ఫబ్రీషియస్‌కు మన దక్షిణదేశపు పురుగులు తరంగంబాడి మిషను వైపునుండి చేరుచుండెను. అట్లు పంపినవారిలో మిషను వైద్యుడుగా వచ్చిన కోనిగ్ ఒకడు. ఆయనయు లిన్నేయస్ శిష్యుడే. 1785లో ఆయన మన కాకినాడ జగన్నాథపురమున మరణించెను. మన చెరువులయొద్ద గడ్డిలో నెమ్మదిగా ఎగురు పసుపుపచ్చని సన్నతూనీగకు, కోరమండలము అను మన సముద్రతీరపు పేరు కలుపుచు, 1798లో ఫబ్రీషియస్ పేరుపెట్టెను.

ఇట్లు జాతులు పెరుగుచుండెను గాని, వాటిని నిశ్చయముగా గుర్తించు మార్గము మాత్రము దొరకలేదు. చాలమంది రంగును బట్టియే పేర్లు పెట్టుచుండిరి. తూనీగ విషయమున రంగు మోసకారి. మొదటిది, అనేక జాతులలో మగదాని రంగు వేరు, ఆడుదాని రంగు వేరు. రెండవది, నీటిపురుగు చర్మము విడిచి రెక్కలతో క్రొత్తగా వెలువడిన తూనీగకు రంగు పలుచగా నుండును. కొన్ని దినములైన పిమ్మటగాని దాని నిజమైన వన్నె రాదు. మూడవది, ముదిసిన కొలదిని కొన్నిటి మేనిమీద బూడిదవంటి నీలపు పొడి పట్టి మునుపటి చారలను కప్పివేయును. నాలుగవది, చచ్చిన తూనీగ రంగు త్వరలోనే మాసిపోవును. నిన్న ఆకాశనీలముగా మెరసినది పెట్టెలో నేడు నల్లబడి కనబడును. ఈ కారణములచేత ఒకే జాతికి రెండు మూడు పేర్లు పడుటయు, రెండు మూడు జాతులు ఒకే పేరుతో పిలువబడుటయు జరుగుచుండెను. ఒక దేశపు పండితుడు వ్రాసినది మరియొక దేశపు పండితునికి ఏ తూనీగను గూర్చినదో తెలియని స్థితి యేర్పడెను.

ఈనెల చదువు

సెలిస్ ఈ చిక్కును విప్పుటకు పూనుకొనెను. 1837లో బెల్జియం సీతాకోకచిలుకల పట్టికతోపాటు ఆ దేశపు తూనీగల పట్టికను ప్రకటించెను. 1840లో ఐరోపాఖండపు తూనీగలన్నిటిని గూర్చి ప్రత్యేక గ్రంథము వ్రాసెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియేడేండ్లు. అంతటితో తృప్తిపడక, ఇతరుల సేకరణములను తన కన్నులతో చూడవలెనని వివిధ దేశముల మ్యూజియములకు పోయి, పూర్వులు పేరుపెట్టిన తూనీగలను ఒక్కొక్కదానిని పరీక్షించెను. ఆంగ్లదేశపు తూనీగలను గూర్చి 1846లో ఆయన వ్రాసిన సవరణ వ్యాసము అట్టి శ్రమకు ఫలమే.

తూనీగ రెక్కను వెలుతురునకు ఎదురుగా పట్టి భూతద్దముతో చూచినయెడల, సన్నని వలవలె అల్లుకొన్న ఈనెలు కనబడును. రెక్క ముందంచు నడుమ కణుపువంటి గుర్తు ఒకటి కలదు. కొనవైపున చిన్న రంగుమచ్చ యుండును. మొదలువైపున, పెద్ద తూనీగలలో ముక్కోణపు గడి యొకటియు, సన్నతూనీగలలో నాలుగు మూలల గడి యొకటియు స్పష్టముగా నుండును. కణుపునకు ముందు అడ్డుగా పోవు ఈనెలు కొన్ని సన్నతూనీగలలో రెండే; మరికొన్నిటిలో అనేకములు. ఈ గుర్తులు మగదానికిని ఆడుదానికిని ముఖ్యవిషయములలో ఒక్కటే. లేతదైనను ముదిసినదైనను అవి మారవు. చచ్చి నూరేండ్లయినను రెక్క నిలిచియున్నంతవరకు చెరగవు. పూర్వపు పండితులును ఈనెలను చూడకపోలేదు. కాని వాటిని క్రమముగా చదివి, పోల్చి, ప్రపంచమునందలి తూనీగలన్నిటికిని కుటుంబ వృక్షము గీయుటకు వాటిని ఆధారముగా చేసికొనినవాడు సెలిస్.

ఈ పనిలో ఆయనకు గొప్ప సహాయుడు దొరకెను. ప్రష్యా దేశమున కోనిగ్స్‌బర్గ్ నగరపు వైద్యుడు హేగెన్ కూడ తూనీగలను పరిశోధించుచుండెను. ఒకే విషయమున పనిచేయు ఇద్దరు పండితులు ఒకరి కీర్తికి ఒకరు ఓర్వలేకపోవుట లోకమున కలదు. వీరిద్దరు అట్లు చేయక, తమ తూనీగలను, తమ వ్రాతలను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొనిరి. 1850లో ఐరోపా తూనీగలను గూర్చి వెలువడిన పెద్ద గ్రంథమునకు, 1854లోను 1858లోను వెలువడిన మరి రెండు మహాగ్రంథములకు సెలిస్‌తో హేగెన్ తోడుపడెను. 1867లో హేగెన్ అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయపు మ్యూజియమునకు వెళ్లిపోయినను వారి స్నేహము చెడలేదు.

అటుపిమ్మట ప్రపంచపు నలుమూలలనుండి తూనీగలు సెలిస్ చేతికి రాసాగెను. వాలెస్ పండితుడు మలయా ద్వీపములలో పట్టించిన వాటిలో కొన్నియు, జపాను, ఫిలిప్పీను, సుమత్రా, బర్మా దేశములవియు ఆయన పరీక్షించి వర్ణించెను. ఆయన పేరుపెట్టిన జాతులు వందలకొలది. మనము ముందు చెప్పుకొన్న కోరమండలపు పసుపుపచ్చని సన్నతూనీగను 1876లో ఆయన సెరియాగ్రియన్ అను క్రొత్త ప్రజాతిలో చేర్చెను. శాస్త్రములో ప్రతి ప్రాణికి రెండు మాటల పేరుండును. మన తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందును సొంతపేరు వెనుకను వచ్చునట్లే, ప్రజాతి పేరు ముందును జాతి పేరు వెనుకను వచ్చును. కావున సెరియాగ్రియన్ కొరమండెలియానమ్ అను పేరులో ఇంటిపేరు సెలిస్ ఇచ్చినది, సొంతపేరు ఫబ్రీషియస్ ఇచ్చినది. మన దేశమును ఎన్నడును చూడని యిద్దరు, డెబ్బదియెనిమిదేండ్ల యెడముతో, మన చెరువుగట్టు పురుగునకు నామకరణము చేసిరి. దాని ప్రక్కనే పుట్టి పెరిగిన మనము దానిని చూచి పోల్చుకొనలేకున్నాము.

రాజ్యకార్యములు

ఇంత పని చేసినవాడు తీరికగా కూర్చుండిన పండితుడని తలంపవలదు. సెలిస్ లిబరల్ పక్షమునకు చెందిన రాజకీయవేత్త. 1855లో ఆయన బెల్జియం సెనేటునకు, అనగా ఎగువ శాసనసభకు, సభ్యుడుగా ఎన్నికయ్యెను. ఆ సంవత్సరమే బెల్జియం కీటకశాస్త్ర సంఘము ఏర్పడగా దానియందును ముఖ్యుడై పనిచేసెను. నలువది సంవత్సరములకు పైగా ఆయన సెనేటు సభ్యుడుగా నుండి, 1880 మొదలు 1884 వరకు ఆ సభకు అధ్యక్షత వహించెను.

ఆ నాలుగు సంవత్సరములును బెల్జియం చరిత్రలో మిక్కిలి కలతగల కాలము. ప్రాథమిక పాఠశాలలు ఎవరి యాజమాన్యమున నుండవలెను, వాటిలో మతబోధ యుండవలెనా అను విషయమున దేశమంతయు రెండుగా చీలి, కుటుంబములలో సైతము వైరములు పుట్టెను. 1884 ఎన్నికలలో సెలిస్ పక్షము ఓడిపోయెను. ఆయన అధ్యక్షపదవియు ముగిసెను. అయితే ఆ కలతల నడుమ, 1883లోనే, ఆయన పెద్ద తూనీగలలో ఒక కుటుంబమును గూర్చిన విపుల వ్యాసమును, జపాను దేశపు తూనీగలను గూర్చిన మరియొక వ్యాసమును ప్రకటించెను. పగలు సభలో వాదములు వినుచు, మిగిలిన వేళలలో భూతద్దము పట్టి ఈనెలు లెక్కించుచుండిన ఆ డెబ్బదియేండ్ల వృద్ధుని తలంచుకొనుడు. సభలో ఒక పక్షము గెలువగా వేరొక పక్షము ఓడెను. పిమ్మట గెలిచినది ఓడెను. ఆయన బల్లమీద కుదిర్చిన పని మాత్రము ఎన్నికలతో మారలేదు.

బ్రతికి మిగిలినది

సెలిస్ జీవితములో మనము ముఖ్యముగా తెలిసికొనదగినది 1889లో జరిగినది. ఆయనకు డెబ్బదియైదేండ్లు దాటిన కాలమున జపాను నుండి ఒక వింత తూనీగ వచ్చెను. దాని దేహము పెద్ద తూనీగల దేహము వలె బలిసియుండెను. రెక్కలు మాత్రము సన్నతూనీగల రెక్కల వలె మొదట సన్నబారి, ముందు రెక్కయు వెనుక రెక్కయు ఒక్కతీరుగ నుండెను. అంతవరకు లోకము ఎరిగిన తూనీగలన్నియు అటో ఇటో చేరునవే. ఇది రెండు వైపులకును చెందినట్టు కనబడెను.

సెలిస్ ఏమి చేసెను? యౌవనమునుండి తాను నమ్మిన సాక్ష్యము రెక్కల ఈనెలే గనుక, వాటి మాట ప్రకారము దానిని సన్నతూనీగలలో ఒక కుటుంబము చెంత చేర్చెను. కాని మిగిలిన వాటితో కలిపివేయక, దానికి ప్రత్యేకముగా ఒక విభాగము ఏర్పరచెను. ప్రాచీన కాలమునుండి బ్రతికి మిగిలినది అను అర్థము స్ఫురించునట్లు దానికి పేరుపెట్టెను. ఏలయనగా రాళ్లలో దొరకు పూర్వకాలపు తూనీగల గుర్తులకును దీనికిని పోలిక కలదు.

తరువాతి పండితులు దాని దేహమంతటిని శోధించి, అది నిజముగా సన్నతూనీగల కంటె పెద్ద తూనీగలకే దగ్గరి చుట్టమని తేల్చిరి. ఆయన పెట్టిన ప్రజాతి పేరును అంతకుముందే వేరొక ప్రాణికి పెట్టబడియుండుటచేత, 1903లో అమెరికా పండితుడు కాల్వర్టు దానిని ఎపియోఫ్లెబియా అని మార్చెను. బ్రతికి మిగిలినది అను జాతి పేరు మాత్రము సెలిస్ పెట్టినదే నిలిచెను. 1921లో దానికి సోదరజాతి యొకటి మన హిమాలయములలో డార్జిలింగు చెంత కలదని, అచ్చటి వాగులో దొరకిన నీటిపురుగును బట్టి టిల్యార్డు పండితుడు తెలిపెను.

ఇది సెలిస్ ఓటమియని కొందరనవచ్చును. నా కట్లు తోచదు. రంగు మోసగించునని తెలిసి ఆయన ఈనెలను ఆశ్రయించెను. ఈనెలును ఒక్కొక్కప్పుడు చాలవని ఆయన చేతిలోని ఆ పురుగే తెలిపెను. ఆయన దానిని దాచలేదు. తన లెక్కకు సరిపడలేదని పారవేయలేదు. తాను చూచినదానిని చూచినట్లు వర్ణించి, వేరుగా నుంచి, తన వెనుక వచ్చువారు తీర్పు చెప్పుటకు తావిచ్చెను. ఆయన అంత నమ్మకముగా వర్ణించుటచేతనే తరువాతివారు ఆయనను దిద్దగలిగిరి. ఆ బాలుడు తెచ్చిన సీసాయెదుట నేను తొందరపడి చెప్పిన మాటకును, ఆ వృద్ధుడు జపాను తూనీగయెదుట ఓపికతో చేసిన పనికిని గల భేదము తలంచినప్పుడెల్ల నాకు సిగ్గు కలుగును.

అవసానము, తరువాతి పని

1891లో బర్మాదేశపు తూనీగలను గూర్చి ఆయన వ్యాసము వెలువడెను. కడవరకు ఆయన పని మానలేదు. 1900వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన లీజ్ నగరమున, ఎనుబదియేడవ యేట, సెలిస్ మరణించెను. ఆయన సేకరించిన తూనీగలు బ్రస్సెల్స్ నగరపు ప్రకృతిశాస్త్ర మ్యూజియమున భద్రపరుపబడియున్నవి. అనేక జాతులకు మొట్టమొదట పేరుపెట్టినప్పుడు ఆయన చేతిలోనుండిన తూనీగలే అచ్చట కలవు గనుక, సందేహము వచ్చిన పండితులు నేటికిని వాటినే చూచి నిర్ణయించుకొందురు. ఆయన మరణానంతరము రెనే మార్టెన్ అను ఫ్రెంచివాడును, రిస్ అను స్విట్జర్లాండు వైద్యుడును ఆ సేకరణమును పరిశోధించి అనేక సంపుటములుగా ప్రకటించిరి.

మన దేశమునందు ఆ మార్గమును అనుసరించినవాడు ఫ్రేజర్ అను సైనిక వైద్యుడు. ఆయన దక్షిణదేశపు కొండలలో, అడవులలో సంచరించి, 1933, 1934, 1936 సంవత్సరములలో భారతదేశపు తూనీగలను గూర్చి మూడు సంపుటములు ప్రకటించెను. వాటిలో జాతులను గుర్తించు పట్టికలలో అధికభాగము ఈనెల లెక్కమీదనే ఆధారపడియున్నది. నేడు ప్రపంచమున తెలిసిన తూనీగ జాతులు ఆరువేలకు మించియున్నవి.

మనము చేయదగినది

విద్యార్థులారా, తూనీగలను గుర్తించుటకు పెద్ద గ్రంథములు లేకున్నను మొదలుపెట్టవచ్చును. చెరువుగట్టున కదలక కూర్చుండి క్రమముగా ఈ క్రింది గుర్తులు చూడుడు.

మొదట రెక్కలు చూడుడు. వాలినప్పుడు రెక్కలను ఇరుప్రక్కల చాచియుంచునది పెద్ద తూనీగ. వెన్నుమీద ముడిచి చేర్చుకొనునది సన్నతూనీగ. సన్నతూనీగలలో ఒక కుటుంబము మాత్రము రెక్కలను సగము విప్పి కూర్చుండును గనుక తొందరపడవలదు. పెద్ద తూనీగల వెనుక రెక్క మొదట వెడల్పుగా నుండి ముందు రెక్కకు భేదించును. సన్నతూనీగల నాలుగు రెక్కలును ఇంచుమించు ఒక్కటే.

రెండవది, కన్నులు చూడుడు. సన్నతూనీగ కన్నులు డమరుకపు రెండు కొనలవలె ఎడముగా నుండును. పెద్ద తూనీగల కన్నులు సాధారణముగా తలమీద కలిసికొనును. ఒక కుటుంబములో మాత్రము అవి విడివిడిగా నుండును.

మూడవది, తోక కొన చూడుడు. మగదానికి అచ్చట కొక్కెములవంటి అవయవము లుండును. వాటి ఆకారము జాతిజాతికి మారును గనుక, ఈనెలు తేల్చని భేదమును అనేకసార్లు అవి తేల్చును.

నాలుగవది, స్థలము చూడుడు. కొన్ని జాతులు నిలిచిన చెరువు నీటిని, కొన్ని పారు వాగులను, కొన్ని నీడగల చోట్లను కోరును. కొన్ని ఒకే పుల్లమీదికి మరల మరల వచ్చి వాలును. కొన్ని గంటలకొలది వాలకుండ తిరుగును. వానల తరువాత మన ఆటస్థలము మీద గుంపులుగా ఎగురు పసుపువన్నె తూనీగలలో అధికభాగము పాంటాలా ఫ్లావెసెన్స్ అను జాతివి. దాని వెనుక రెక్క మిక్కిలి వెడల్పు. అది హిందూ మహాసముద్రము దాటి ఆఫ్రికా వైపునకు వలసపోవునని నేటి పరిశోధకులు చెప్పుచున్నారు.

రంగును కడపట చూడుడు. చూచినదానిని తేదీతోను, స్థలముతోను, వేళతోను నోటుపుస్తకములో వ్రాయుడు. పేరు తెలియకున్న, తెలియలేదని వ్రాయుడు. తప్పు పేరు వ్రాసి తరువాతివారిని త్రోవ తప్పించుటకంటె అది మేలు.

పట్టవలసివచ్చిన, నాలుగు రెక్కలను వెన్నుమీద చేర్చి రెండు వ్రేళ్లనడుమ మెల్లగా పట్టి, ఈనెలు చూచి విడిచిపెట్టుడు. తూనీగ తన జీవితములో అధికభాగము నీటి అడుగున గడిపి, దోమపిల్లలను ఇతర పురుగులను తిని బ్రతికి, తుదకు కొలదికాలము మాత్రమే రెక్కలతో ఎగురును. ఆ కొలదికాలములో కొంతభాగమును మనము దారము కట్టి తీసివేయుట న్యాయము కాదు.

సీసా తెచ్చిన ఆ బాలుడు పాఠశాల విడిచి చాల దినములైనది. వాని సీసా ఇప్పటికిని మా తరగతి బీరువాలో ఉన్నది. అందులో తూనీగలు లేవు. ఆ దినముననే వాటిని చెరువుగట్టున విడిచితిమి. ఎవరైనను ఏదైన పురుగును తెచ్చి నన్ను ప్రశ్న అడిగినప్పుడు, ఉత్తరము చెప్పకముందు ఆ వట్టి సీసావైపు ఒకసారి చూచుట నాకు అలవాటైనది.